జున్ను వేరు, చీజ్ వేరు

ఆంగ్లపదమైన ‘చీజ్’కు మన నిఘంటువులలో ‘జున్ను’ అని అర్థం కనిపిస్తుంది. అనువాద కథలలో కాకి నోటిలోని చీజ్ ముక్క కూడా జున్నుముక్కగా మారింది. ఈ అనువాదం నాకు సమ్మతం కాదు. మా చొప్పదండిలో బర్రె ఈనిన ఇంట పొయ్యి మీద పేరుకొనే జున్నుకూ, డబ్బాలో వచ్చే చీజ్‌కూ పాలు తప్ప వేరే పోలిక లేదు.

చీజ్ నిల్వ కొరకు పుట్టినది. దూడ పొట్ట పొర నుండి తీసిన రెన్నెట్‌తో పాలను విరిచి, నీరు పిండి, ఉప్పు పట్టించి మాగబెట్టడం దాని పాత పద్ధతి. చెడ్డర్ అన్నది ఇంగ్లండులోని సోమర్‌సెట్ ప్రాంతపు ఒక గ్రామం పేరు. ఫ్రాన్సు దేశపు రోక్‌ఫోర్ గొర్రెపాలతో చేసి, కొండగుహలలో నీలిబూజు పట్టించినది. ఆ పేరుకు 1925లోనే చట్టరక్షణ లభించింది. ఇటలీ పార్మెసాన్ కనీసం 12 నెలలు మాగాలి. నేడు సూక్ష్మజీవుల నుండి తీసిన రెన్నెట్ కూడా వాడుకలో ఉన్నది గనుక, శాకాహారులు డబ్బా మీది ఆకుపచ్చ గుర్తు చూచి కొనాలి.

జున్నుకు ఈ హంగులేవీ అక్కరలేదు. ముర్రుపాలలో మాంసకృత్తులు అధికం. బెల్లం, మిరియాలపొడి, యాలకులు వేసి ఆవిరిపై ఉంచితే వేడికి అవే గడ్డకడతాయి.

మన ప్రాచీనులు ఈ భేదం ఎరుగుదురు. ఈనిన వెంటనే పితికిన చిక్కని పాలను పీయూషమనీ, పెరుగుతోనో మజ్జిగతోనో విరిచి గుడ్డలో వడగట్టినదానిని తక్రపిండమనీ భావప్రకాశం వేరుచేసింది. చీజ్‌కు దగ్గరి చుట్టం ఈ తక్రపిండమే. పీయూషం బలకరం, నిద్రాకరం, కఫకరం, గురువు అని అష్టాంగహృదయం చెబుతుంది. కనుక జలుబు, ఆయాసం, మందాగ్ని గలవారు జున్నును రుచి చూచి వదలాలి. మధుమేహులకు బెల్లం అదనపు కీడు. మిరియాలు వేయడం రుచికే కాదు, ఈ గురుత్వాన్ని తగ్గించడానికేనని నా నమ్మకం.

అన్నిటికన్నా ముఖ్యమైనది దూడ సంగతి. రోగనిరోధక ద్రవ్యాలు దానికి తల్లి గర్భంలో అందవు, ముర్రుపాల ద్వారానే రావాలి. పుట్టి ఒక రోజు దాటితే దాని పేగు వాటిని గ్రహించలేదు. దూడ బరువులో 10వ వంతు పాలు తొలిరోజున పట్టించాలని పశువైద్యులు చెబుతారు. పూర్వం మిగిలిన పాలను ఇరుగుపొరుగుకు పంచేవారే గాని అమ్మేవారు కారు. ఇప్పుడు పట్టణాలలో జున్నుపాలకు ధర పలుకుతున్నది. గిరాకీ పెరిగినకొద్దీ దూడ వాటా తరుగుతుందని నా భయం. పాలు పోసేవారిని ‘జున్నుపాలు తెస్తావా?’ అని అడిగే గృహిణులు, ‘దూడ కడుపునిండా తాగిందా? ఎన్నో పూట పాలు?’ అని కూడా అడగాలి. మొదటి పూటవంటే నేనైతే కొనను. రెండవ రోజు పాలతోనూ జున్ను పేరుకొంటుంది, కాకపోతే కొంచెం మెత్తగా.