పెట్టె యడుగున పాతకత్తి

దసరా వచ్చుచున్నదనగా ఇల్లు దులిపి, అటుకమీది పెట్టెలు దింపి, ఆయుధపూజకు వలయు వస్తువులను వెలికి తీయుట మన యిండ్ల మర్యాద. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు పూర్వము సర్కారు కొలువు చేసినవారి యిండ్లలో, అట్టి పెట్టె యడుగున పాతకత్తి యొకటి కనబడుట వింత గాదు. దానిని చింతపండుతో తోమి తళతళలాడించువారు కొందరు. పాతయినుము కొనువానికి తూకమున కిచ్చివేయువారు కొందరు. రెండు విధములను నష్టమే. కత్తి మగవారి వస్తువే యైనను, దానిని దాచుటయు పాఱవేయుటయు మన చేతిలోని పని. కావున ఈ మాసము దానిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

మేమెరిగిన యొక యింట తాతగారి కత్తిని సాన పట్టువానికిచ్చి నునుపు చేయించిరి. అలుగు వీపుమీద నున్న అక్షరములు ఆ సానకు అరిగిపోయినవి. నేడు మనుమడు తాతగారు ఏ దళమున రౌతుగా నుండెనో తెలిసికొనగోరుచున్నాడు. చెప్పుటకు పెద్దలు లేరు, కత్తియు మూగవోయినది. ఇట్టి నష్టము మరి యే యింటను కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

కత్తి దొరకగానే మొట్టమొదట పిడిని చూడవలెను. పిడి అంతయు ఇనుముతో పోతపోసినట్లుండి, తలమీద గుండ్రని బిళ్ళ, దానిపై చిన్న మొటిమ యుండి, అలుగు నెలవంకవలె వంగియున్న యెడల అది మన దేశపు తల్వారు. గుఱ్ఱముమీద దూసుకొనిపోవుచు వేటు వేయువానికి వంపు అనుకూలము. వేటులో చేయి జారకుండ ఆ బిళ్ళ కాపాడును. అలుగు తిన్నగా నుండి, పిడికి చేతిని కప్పు బుట్టవంటి కాపుదల యున్నచో అది ఖండా జాతికి చెందినది. దక్కనులో ఐరోపా అలుగులకు దేశపు పిడులు తొడిగిన కత్తులను ఫిరంగీ యనిరి.

ఇంగ్లీషువారి కత్తులకు వేరు గుర్తులు కలవు. వేళ్ళకు అడ్డముగా రికాబు ఆకారమున ఒకే కమ్మి, సుమారు 33 అంగుళముల వంపు అలుగు, కొనవైపున వెడల్పు, ఇవి 1796 నాటి తేలిక అశ్వదళపు నమూనా లక్షణములు. అలుగు తిన్నగా, సన్నగా, సుమారు 35 అంగుళములుండి, చేతిని పెద్ద ఉక్కుగిన్నె కప్పియున్నచో అది 1908 నాటి నమూనా. అది నరుకుటకు గాక పొడుచుటకే చేసినది. హిందూదేశపు దళములకు చేసినవాని పిడి కొంచెము చిన్నది. ఇట్టి కత్తుల అలుగు మొదటను, వీపుమీదను, పిడి కాపుదలమీదను చేసినవారి పేరు, తనిఖీ ముద్ర, దళపు అంకెలు ఉండవచ్చును. అవియే కత్తి నోటిమాటలు.

ముద్ర యేమియు లేదని నిరాశపడ నక్కరలేదు. నిజామువారి రాజ్యమున ఇంగ్లీషువారి యాజమాన్యమున నుండిన హైదరాబాదు కంటింజెంటు అశ్వదళములలో సిలేదారు పద్ధతి నడచినది. అనగా రౌతు తన గుఱ్ఱమును, తన కత్తిని తానే తెచ్చుకొనవలెను. కావున ఒకే దళములో నానావిధముల కత్తులుండెను. కొలువు చాలించిననాడు అవి రౌతు యింటికే చేరెను. 1903లో ఆ దళములు హిందూదేశపు సైన్యములో కలిసి, అందొకటి 20వ డెక్కన్ హార్సు అను పేరు పొందినది. 1916 జూలై 14వ తేదిన ఫ్రాన్సు దేశమున హైవుడ్ చెంత ఆ రౌతులు గుఱ్ఱములపై దాడి చేసిరి.

కాలము తిరిగినది. 1948 సెప్టెంబరు 13వ తేదిన బెజవాడ దారిన వచ్చిన భారతసైన్యమును కోదాడ వైపున ఎదిరించిన హైదరాబాదు లాన్సర్లకు గుఱ్ఱములు లేవు. వారు ఉక్కుకవచపు మోటారుబండ్లలో నుండిరి. పేరు మాత్రము బల్లెపు రౌతులది. మరునాడు సూర్యాపేటయు భారతసైన్యము వశమైనది. కత్తి యుద్ధమునుండి తొలగి పెట్టెలోనికి చేరిన కథ యిట్టిది.

తోమరాదని మేము మఱిమఱి చెప్పుటకు ఇంకొక హేతువు కలదు. తెలంగాణపు ఉక్కు లోకప్రసిద్ధము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. అట్టి ఉక్కుతో చేసిన అలుగుమీద నీటి అలలవంటి సన్నని రేఖలుండును. సానపట్టినచో అవి కంటికి మఱుగగును.

కాబట్టి చింతపండు, బూడిద, ఇటుకపొడి తగిలింపరాదు. పూజలో తడి పసుపుకుంకుమలు అలుగుకు పూయక, ఒరకు గాని క్రింద పరచిన గుడ్డకు గాని పెట్టుడు. నిమ్మకాయను కత్తికొనకు గ్రుచ్చుట మానుడు. ఆ పులుపు ఉక్కును తినివేయును. తల్వారు పిడిలో అలుగును లక్కతో నిలిపియుందురు గనుక ఎండలో పెట్టరాదు, వేడినీట ముంచరాదు. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా రాసిన చాలును. ఒట్టిచేతితో అలుగును ముట్టరాదు. చెమట తుప్పు తెచ్చును. ఒరలో చెమ్మ నిలుచును గనుక కత్తిని విడిగా, పిల్లల కందనిచోట దాచవలెను.

సేకరించు కోరిక గలవారు అంగడిలో కొనుటకు ముందు హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమున ఆయుధములను చూచి కన్నును అలవరచుకొనుడు. అలంకారమునకై నేడు చేయు కత్తులు పాతవని చెప్పి అమ్ముట కలదు. తుప్పు పట్టని తళుకుటుక్కు, క్రొత్త మరచీలలు వాని గుట్టు బయటపెట్టును. నూరేండ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టము క్రిందికి వచ్చును. దానిని స్వంతముగా విదేశములకు పంపరాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి, సర్కారు ప్రకటించిన ప్రాంతములందు కత్తికిని అనుమతి వలయును. ఠాణాలో విచారించుట మేలు. భూమిలో దొరికినదైనచో కలెక్టరుగారికి తెలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి. కత్తి పొడవు, ముద్రలు, ఎవరిదో, ఎవరు చెప్పిరో ఒక కాగితముమీద వ్రాసి దానితోడ నుంచుడు. కంటితో చూచినది వేరుగను, పెద్దలు చెప్పినది వేరుగను వ్రాయుడు. ఊరు పేరు తెలియని పది కత్తులకంటె కథ తెలిసిన కత్తి యొకటి మేలు. ఇంట అత్తగారో అమ్మమ్మయో ఉన్నచో, ఈ పండుగకు పెట్టె తెరచునప్పుడు ఆమెను చెంత కూర్చుండబెట్టుకొని అడుగుడు.