సజ్దా సహవ్ మనకు నేర్పేదేమిటి?

మా మదర్సాలో హిఫ్జ్ చదువుతున్న పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు నిరుడు ఉన్నట్టుండి సబఖ్ వినిపించడం మానివేశాడు. పేరు పిలిస్తే వచ్చి కూర్చునేవాడు. పెదవులు కదిలేవి గాని స్వరం వెలువడేది కాదు. బద్ధకమని భావించి మందలించాము. కొన్నాళ్ళకు వాని తల్లిగారు వచ్చి చెప్పిన సంగతి మమ్మల్ని కలవరపరచింది. మేనమామ కుమారుడు పదేళ్ళకే హాఫిజ్ అయ్యాడన్న పోలిక ఆ ఇంట ప్రతిరోజూ దస్తర్‌ఖాన్ దగ్గర వినిపిస్తుందట. బడి పరీక్షల్లోనూ వాడే మొదట నిలవాలని తండ్రిగారి పట్టుదల. ఇక మా వంతు దోషం మాకు తెలియనిది కాదు. ఒక్క జేర్, ఒక్క జబర్ తప్పినా అందరి ముందూ ఆపి, పాఠమంతా మొదటినుండి చదివించేవాళ్ళము. తప్పు చదవడంకంటే అసలు చదవకుండా ఉండడమే క్షేమమని ఆ పసిమనసు నిర్ణయించుకున్నది.

ఈ భయం ఒక్క పిల్లవానిది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడ్డారు. పరీక్ష తప్పితే బ్రతుకే తప్పిందని ఆ బిడ్డలకు ఎవరు నేర్పారు? పెద్దల సంగతీ అంతే. ఫోనులో ఇతరుల ఇళ్ళు, విందులు, పిల్లల ర్యాంకులు చూచి, తమ సంసారంలో లోటు వెదకుకొనే ఇల్లాళ్ళెందరో! తమ సంపాదన చాలదని కుమిలిపోయే ఇంటి పెద్దలెందరో!

ఆ రోజుల్లోనే ఒకనాడు మేము జుహర్ నమాజుకు ఇమామత్ చేస్తూ, రెండవ రకాతు తరువాత కూర్చోవలసినచోట కూర్చోక, మరచి మూడవ రకాతుకు నిలబడ్డాము. వెనుకనుండి 'సుబ్‌హానల్లాహ్' అని ఒక ముఖ్తదీ హెచ్చరించారు. పూర్తిగా నిలబడిన పిదప తిరిగి కూర్చోరాదు గనుక నమాజు కొనసాగించి, చివర సజ్దా సహవ్ చేసి ముగించాము. అందరూ వెళ్ళిన తరువాత ఆ బాలుడు మా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు: "హజ్రత్, మీరు కూడా మరచిపోతారా?"

వానిని కూర్చోబెట్టి చెప్పాము. దైవప్రవక్త (స) ఒకసారి నాలుగు రకాతుల నమాజులో రెండింటికే సలాం చెప్పారు. జుల్‌యదైన్ (ర) అనే సహచరుడు, నమాజు తగ్గించబడిందా, లేక తమరు మరచిపోయారా అని వినయంగా అడిగారు. ఆయన (స) ఆ సహచరునిపై ఆగ్రహించలేదు. ఇతరులను విచారించి, మిగిలిన రకాతులు పూర్తిచేసి, రెండు సజ్దాలు చేశారు. మరొక సందర్భంలో జుహర్ అయిదు రకాతులు చేసినప్పుడు, తామూ మానవమాత్రులమేననీ, అందరివలె మరచిపోతామనీ, మరచినప్పుడు గుర్తుచేయమనీ సెలవిచ్చారు.

సోదర సోదరీమణులారా! ఇమామును సరిదిద్దడానికి మనకు నేర్పబడిన మాటను గమనించండి. 'నీవు తప్పావు' అనము, 'సుబ్‌హానల్లాహ్' అంటాము. అల్లాహ్ సకల లోపాలకు అతీతుడని దాని భావం. లోపంలేనితనం ఆయనకే చెల్లుతుందన్న ఒప్పుకోలు ఆ హెచ్చరికలోనే ఉన్నది. సరిదిద్దబడినవానికి అందులో అవమానం లేదు. సరిదిద్దినవానికి అహంకారానికి తావు లేదు.

అయితే ఇది అశ్రద్ధకు అనుమతి కాదు. బుద్ధిపూర్వకంగా విడిచినదానికి సజ్దా సహవ్ పరిహారం కాదు. ఫర్జ్‌ను విడిచిపెట్టి సజ్దాతో సరిపుచ్చుకోవడమూ కుదరదు. చేసే ప్రతి పనినీ చక్కగా చేయాలన్న ఇహ్సాన్ ఆదేశం మనందరిపైనా ఉన్నది. శ్రమించడం దాసుని బాధ్యత. మరపువల్ల లోటు జరిగితే దానిని పూడ్చుకొనే దారిని కరుణామయుడు నమాజులోనే ఉంచాడు. నమాజుకే ఆ వెసులుబాటు ఉండగా, మన బిడ్డల మార్కుల పట్టికకు, మన కోడలి వంటకు అది ఎందుకు లేకపోవాలి?

మరునాడు తరగతిలో హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన హదీసును వివరించాము. ఖుర్ఆన్ పారాయణంలో ప్రావీణ్యం గలవారు గౌరవనీయులైన దైవదూతల సరసన ఉంటారు. తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యఫలాలు లభిస్తాయి. తడబాటుకు శిక్ష చెప్పలేదు, ప్రతిఫలం చెప్పారు. ఆనాటినుండి మేము పాఠం మధ్యలో ఆపడం మానుకున్నాము. చదవడం పూర్తయిన తరువాత ప్రక్కకు పిలిచి, తప్పిన చోటు మాత్రమే చూపుతున్నాము. వాని తండ్రిగారినీ పిలిపించి మాట్లాడాము. పోలికలు తగ్గాయని తల్లిగారు అంటున్నారు.

ఆ బాలుడు ఇప్పటికీ తడబడతాడు. అయితే చదువుతున్నాడు.

మన లోపాలను అంగీకరించే వినయాన్ని, ఇతరుల లోపాలను కప్పిపుచ్చే ఔదార్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.