తుపాకికి రసీదు ఉంది, మనిషికి లేదు

ఎన్నికల కోడ్ రాగానే మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీసు స్టేషన్లకు చేరతాయి. రైతు తుపాకి అప్పగిస్తాడు. స్టేషన్‌లో నంబరు రాసుకుని రసీదు ఇస్తారు. ఎన్నికలయ్యాక ఆ కాగితం చూపిస్తే తుపాకి తిరిగి ఇంటికొస్తుంది. ఇనుప ముక్కకు ఈ రాజ్యం ఇచ్చే మర్యాద అది. మరి రాత్రిపూట బస్సులోంచి దించిన మనిషికి ఏ రసీదు ఇస్తున్నారు?

ఈ ప్రశ్న మనం ఊరికే అడగడం లేదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి అడవుల్లో, శ్రీవారి మెట్టుకు దగ్గరలో, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. వందమందికి పైగా గొడ్డళ్లు, కొడవళ్లు, రాళ్లతో మీద పడ్డారని, ప్రాణరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. బతికి బయటపడ్డ ఒక కూలీ జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు వేరే మాట చెప్పాడు. తనతో వస్తున్నవాళ్లను దారిలోనే బస్సులోంచి దించి తీసుకుపోయారన్నాడు. తాను ఒక మహిళ పక్కన కూర్చుని ఉండటంతో ఆమె తాలూకు మనిషి అనుకుని వదిలేశారన్నాడు. ఒక సీటు అటో ఇటో అయితే అతని పేరు కూడా ఆ జాబితాలో చేరేదే! ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయల మధ్యంతర సాయం, సీబీఐ విచారణ కావాలని కమిషన్ అదే ఏడాది సిఫార్సు చేసింది.

ఎవరి మాట నిజం? ఎవరిని, ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు దించారో అక్కడికక్కడే రాసి ఒక నకలు కండక్టర్ చేతికిచ్చే పద్ధతి ఉంటే ఇంత తగువుకు తావే ఉండేది కాదు. నిజాయితీగా పనిచేసిన పోలీసుకు కూడా ఆ కాగితమే కాపలా.

తనిఖీలే వద్దని మనం అనడం లేదు. 2003 అక్టోబర్‌లో అలిపిరి పేలుడు చూసిన ఊరు మనది. అలిపిరి గేటు దగ్గర కారు డిక్కీ తెరవమంటే అందరం తెరుస్తాం. అది పగటి వెలుగులో, నలుగురి ముందు, అందరికీ ఒకేలా జరుగుతుంది. 2013 డిసెంబర్‌లో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్లు చంపారు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో వాహనాలు తనిఖీ చేస్తున్న టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ను స్మగ్లర్ల కారు గుద్ది చంపింది. రోడ్డు మీద నిలబడేవాడికీ ఇల్లూ వాకిలీ, పెళ్లాం పిల్లలూ ఉన్నారు. బండి ఆపమంటే ఆపడం మన బాధ్యత.

ఆపినవాడికీ బాధ్యత ఉంది. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం డ్రైవింగ్ లైసెన్సు అడిగే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండాలి. ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం తుపాకి ఉన్నవాడిని లైసెన్సు చూపమని అడగవచ్చు. చూపలేకపోతే పేరు, చిరునామా అడగవచ్చు, అవసరమైతే ఆయుధం తీసుకోవచ్చు. పేరు చెప్పనంటేనో, చెప్పింది అబద్ధమనో పారిపోతాడనో అనుమానం వస్తేనో వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. చట్టంలో మెట్లు ఇంత స్పష్టంగా ఉన్నాయి. మొదటి మెట్టులోనే చొక్కా పట్టుకోమని ఎక్కడా లేదు. లైసెన్సుదారుడు కూడా తుపాకి మీద చేయి వేయకుండా, ఉందని ముందే నోటితో చెప్పి, తర్వాత కాగితం తీయాలి. అది ఇద్దరి ప్రాణాలకూ మంచిది.

అసలు 'ఆయుధం' అంటే ఏమిటి? ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైన పనిముట్లను ఆయుధాల చట్టమే పక్కన పెట్టింది. పనిముట్టుతో దాడి చేస్తే అది వేరే నేరం. కానీ మామిడి తోటలో కొమ్మలు కొట్టి మోపెడ్ మీద ఇంటికొచ్చే కూలీ కొడవలి, సినిమావాళ్లు సీమవాడి చేతిలో పెట్టిన వేటకొడవలి కాదు! ఆ సినిమా కళ్లతో మన బండ్లను ఆపితే, సభకు పోయే విద్యార్థీ, డ్యూటీ దిగి వచ్చే ఉద్యోగీ అనుమానితుడే అవుతాడు.

'అరెస్టు కాదు, విచారణకే' అనే మాట చాలా ప్రమాదకరమైంది. అరెస్టయితే మెమో రాయాలి, సాక్షి సంతకం కావాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి అని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెప్పింది. విచారణ పేరు పెడితే ఇవన్నీ ఎగిరిపోతాయా?

కాబట్టి మన డిమాండ్లు చిన్నవే. తనిఖీ చేసే ప్రతి పోలీసు ఛాతీ మీద పేరు కనబడాలి. వాహనంలోంచి ఎవరిని దించినా రాతపూర్వకంగా నకలు ఇవ్వాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాలను, స్వాధీనాలను వీడియో తీయమంటోంది. రోడ్డు మీద తనిఖీలన్నిటికీ అదే పద్ధతి పెట్టాలి. తీసిన వీడియో దాచాలి, అడిగితే చూపాలి.

తుపాకి తీసుకుంటే రసీదు రాసే చేయి, మనిషిని తీసుకుపోయేటప్పుడు మాత్రం ఎందుకు వణుకుతుంది? ఈ మాట మనం గట్టిగా అడగాలి. రేపు ఆగే బస్సులో మన పిల్లలే ఉండవచ్చు.