పగలగొట్టడానికే ముస్తాబు

"నాన్నా, నువ్వైనా చెప్పు వాడికి. నామాట వినడం లేదు" అని మా అమ్మాయి నన్ను గరాజులోకి తరిమింది.

చెప్పవలసిందేమిటంటే, మా మనుమణ్ణి డెమాలిషన్ డెర్బీ మానుకోమనడం. ఆ మాట మీలో కొందరికి కొత్త కావచ్చు. అమెరికాలో వేసవి చివర చాలా కౌంటీల్లో — మన జిల్లాలాంటివి లెండి — తిరునాళ్ళ జరుగుతుంది. పశువుల ప్రదర్శన, వంటల పోటీలు అన్నీ అయ్యాక, నీళ్ళు కొట్టి బురద చేసిన మైదానంలోకి పాత కార్లను వదిలి గుద్దుకోమంటారు. ఆఖరున కదలగలిగిన కారుది గెలుపు. న్యూయార్కు దగ్గర ఐస్లిప్ అనేచోట 1958లో ల్యారీ మెండెల్సన్ అనే ఆయన దీన్ని పెద్ద వేడుకగా చేశాడంటారు. కోడిపందేలు చూసి పెరిగిన మనం వాళ్ళను ఆక్షేపించడానికి వీల్లేదు.

కాని మా అమ్మాయి బాధ వేరు. కుర్రవాడికి పద్ధెనిమిది నిండాయి. ఇక తల్లి సంతకం అక్కర్లేదు. "గుద్దుకుంటే గుద్దుకున్నాడు, నిప్పంటుకుంటే?" అని ఆవిడ ప్రశ్న. ఒహాయోలో ఆ వూళ్ళో ఆవిడకు ఈ ప్రశ్న వినేవాడు నేనొక్కణ్ణే.

గరాజులో 1985 నాటి షెవ్రొలే కేప్రిస్ వుంది. అద్దాలన్నీ తీసేశారు. తలుపులు తెరుచుకోకుండా గొలుసులతో బిగించేశారు. డ్రైవరు పక్క తలుపుకి తెల్లరంగు వేశారు. ఆ తలుపుని గుద్దితే గుద్దినవాణ్ణి ఆటలోంచి తీసేస్తారట. పక్కింటి పెద్దాయన, యిలాంటి కార్లు పాతికదాకా పాడుచేసిన అనుభవశాలి, వీడికి గురువు.

"మొదట పెట్రోలు ట్యాంకు సంగతి చూడాలి తాతయ్యా" అన్నాడు మనుమడు. కంపెనీవాడు ఇచ్చిన ట్యాంకు డిక్కీ కింద వెనకాల వుంటుంది. ఇరవై గాలన్ల పైచిలుకు పడుతుంది. పొట్టేలైతే తలతో ఢీకొంటుంది. డెర్బీ కారు గాడిదలాగా వెనకపక్కతో తన్నుతుంది. ముందు రేడియేటరుంది గనక దాన్ని కాపాడుకుంటూ, రివర్సులో వెళ్ళి గుద్దాలి. అంటే ఏ చోటైతే ప్రతి దెబ్బా తింటుందో, సరిగ్గా అక్కడ పెట్రోలు కాపరముంది! నాకు వొళ్ళు జలదరించింది.

డిక్కీలో ఏదో అతకాలని మనుమడి స్నేహితుడొకడు వెల్డింగు సామాను ముందుకు లాగాడు. పెద్దాయన ఒక్క అరుపు అరిచాడు. "ట్యాంకు ఖాళీయేగా" అన్నాడా పిల్లవాడు. ఖాళీయే ప్రమాదమట. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. గడ్డకట్టే చలిలో కూడా ఆ ఆవిరి లేస్తూనే వుంటుంది. గాలికంటే బరువు గనక నేలమీద నీళ్ళలా పాకి, ఎక్కడో దూరాన వున్న నిప్పును వెతుక్కుంటుంది. ట్యాంకు వూడదీసి, ఆరుబయట పెట్టాకనే వెల్డింగు మొదలయింది. ఆ ముసలాయన మీద నాకు గౌరవం కలిగింది.

దాని బదులు పడవల్లో వాడే ఆరుగాలన్ల చిన్న ట్యాంకు తెచ్చారు. వెనక సీటుండే చోట, మధ్యగా పెట్టి, ఇనపపట్టీలు వేసి, కారు అడుగుదాకా బోల్టులు దించి బిగించారు. బ్యాటరీని బానెట్టు కిందనుంచి తీసి ముందు సీటు పక్కన నేలకు కట్టి, పైన రబ్బరు కప్పారు. కార్బురేటరు బండి గనక పంపుకి చదరపు అంగుళానికి ఆరేడు పౌన్ల ఒత్తిడి చాలునట. ఈ కాలపు ఇంజెక్షను బళ్ళకు 40 దాకా కావాలి, పైపు వూడితే పిచికారీయే. ఇంజను పక్కనుండే పాత పంపుని తీసేసి విద్యుత్తు పంపు పెట్టారు. దీనికొక దుర్గుణం వుంది. ఇంజను ఆగినా ఇది ఆగదు, పెట్రోలు తోస్తూనే వుంటుంది. అందుకని డ్రైవరు చేతికందేచోట స్విచ్చి, దాని పక్కన ఎర్ర అక్షరాలు. స్పృహతప్పినా బయటివాడెవడైనా చెయ్యిపెట్టి ఆపాలి గదా.

అంతా బాగానే వుందిగాని, పైపుని సైలెన్సరు గొట్టానికి ఆనుకుని తెచ్చారు. అప్పుడు నోరు విప్పాను. 1974 మే నెలలో బెజవాడ నుంచి ఏలూరు వెడుతూ హనుమాన్ జంక్షను దగ్గర అంబాసిడరు ఆగిపోతే, పంపు మీద తడితువ్వాలు కప్పి గంటసేపు కూర్చున్నవాణ్ణి. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోతే పంపుకి అందేదేమీ వుండదు. ఇక్కడేమో రేడియేటరు పగిలి ఇంజను మరిగిపోతుంది, తడితువ్వాలు వేసేవాడెవడు? పెద్దాయన తలూపాడు. పైపుని కారు లోపలనుంచి, రెండో పక్కగా మార్చారు.

మందలించమని పంపితే సలహాలిస్తున్నానని నాకే అప్పుడు తోచింది.

ఆ సాయంత్రం ఒక గాలను పోసి, ఇంజను వేయకుండా పంపు ఒక్కటే నడిపారు. పైపుని బ్యాటరీ పక్కనుంచే తెచ్చారు. అక్కడి క్లిప్పు దగ్గర ఒక్క చుక్క నిలిచింది. "ఒక్క చుక్కేగా తాతయ్యా" అన్నాడు మనుమడు. నేనేమీ అనలేదు. లోపలికి వెళ్ళి వాళ్ళమ్మకు వున్నదున్నట్టు చెప్పాను. దాస్తే బాగుండేదేమోగాని, ఎంతైనా నా కూతురు.

ఆవిడ వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాం. చేతిలో తెల్లకాగితపు రుమాళ్ళ పెట్టె. ట్యాంకు మూత మొదలు కార్బురేటరు దాకా ఒక్కొక్క అతుకునీ ఒక్కొక్క కాగితంతో తుడిచి, దీపానికి పట్టి చూసి, వాసన చూసింది. తడి తగిలిన కాగితాలు రెండు తేలాయి. రెండోది మాకెవరికీ కనబడలేదు. "ఈ రెండూ మార్చండి. పైపుని బ్యాటరీకి దూరంగా తిప్పండి. రేపు మళ్ళీ వస్తాను" అంది. మర్నాడు కాగితాలన్నీ పొడిగానే వచ్చాయి.

తిరునాళ్ళనాడు పరీక్షించే ఆయన ట్యాంకుని రెండు చేతులా పట్టుకుని గుంజాడు. కదల్లేదు. ఆటలో వీడి కారు ఆరేడు నిమిషాలు ఆడింది. రేడియేటరు పోయి, ఆవిరిలో కారే కనబడలేదు. మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుని వదలలేదు. ఆవిరి తేలిపోయాక వాడి చెయ్యి కిందికి, స్విచ్చి వైపు వెళ్ళడం చూశాం. తరవాత కిటికీ దగ్గర కట్టిన కర్ర విరిచాడు. ఓడిపోయానని గుర్తు.

కారు పాత ఇనుముకింద పోయింది. ట్యాంకుకి మాత్రం సొట్టయినా పడలేదు. పెట్రోలు వంచి, మూతతీసి ఆరబెట్టి, వచ్చే ఏటికని పెద్దాయన గరాజులో బల్లకింద పెట్టారు. పక్కనే కాగితపు రుమాళ్ళ పెట్టె, సగం మిగిలింది.