వీధికొళాయియు, వీధి నిస్తంత్రియు

గడచిన మాసమున నేను హైదరాబాదు ఫిలింనగరులో మా పినతల్లి కుమార్తె యింట పదిదినము లుంటిని. ఆ ప్రాంత మెఱుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. జూబిలీహిల్సు రాళ్ళగుట్టలమీఁద మేడలు. ఆ మేడల ప్రహరీల నానుకొని పల్లములలో ఇఱుకైన బస్తీలు. చలనచిత్రములలో మనము చూచు ముఖములు మీఁది వీధులలో నుండును. ఆ ముఖముల వెనుక గుంపులో నిలుచువారు, దుస్తులు కుట్టువారు, దీపములు మోయువారు, షూటింగు భోజనముల గిన్నెలు తోమువారు క్రింది సందులలోను, ఆవలి కృష్ణానగరులోను కాపురముందురు.

మా చెల్లెలింట వంటకు వచ్చు నామె యిట్టి సందులోనిదే. ఒకనాఁటి సాయంకాల మామె తన కుమార్తెను వెంటఁబెట్టుకొని వచ్చి, “అమ్మా, మా పిల్ల కాసేపు మీ వరండాలో కూర్చుంటుంది, చదువుకోవాలట” అన్నది. పంకాగాలికై కాఁబోలు ననుకొంటిని. కాదు, వైఫైకొఱకు. ఆ పిల్ల ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము చదువుచున్నది. ఆ యింట ఒక్క ఫోనుకు మాత్రమే రీచార్జి చేయుదురు. ఆ ఫోను తండ్రిది. ఆయన తెల్లవాఱకముందే దానిని జేబులో వేసికొని షూటింగునకు పోవును. పిల్లచేతిలోనిది ఎవరో వాడి విడిచిన పాత ఫోను, సిమ్ము లేనిది. పాఠముల వీడియోలు యూట్యూబులో నున్నవి. మా చెల్లెలు తన యింటి వైఫై పాస్‌వర్డు ఆ పిల్లకు చెప్పియుంచినది. మా చిన్ననాఁట ప్రొద్దుననే పొరుగింటికి పోయి పిడకమీఁద నిప్పు తెచ్చుకొనెడివారము. నాకది జ్ఞప్తికి వచ్చినది.

మా మఱఁదిగారు పత్రిక దించి, “ఊరంతా ఉచిత వైఫై పెట్టారు గదా వదినగారూ, ఆ పిల్ల అక్కడికి వెళ్ళి చూసుకోవచ్చుగా” అన్నారు. ఆయన మాటలో చెడు లేదు. కాని యా ప్రశ్న నన్ను పదిదినములును విడువలేదు.

ఆయన చెప్పినది నిజమే. 2014లో మాధాపురము, హైటెక్‌సిటీ ప్రాంతమునను, 2015లో హుస్సేనుసాగరు గట్టునను ఇట్టి యేర్పాట్లు మొదలైనవి. సాగరతీరమున అప్పుడు దినమునకు మొదటి 30 నిమిషములు ఉచితముగా నుండెను. 2017లో రాష్ట్రప్రభుత్వము ‘హైఫై’ యను పేర నగరమంతటికిని పథకము ప్రకటించినది. 2021లో ఒక ప్రైవేటు సంస్థతోఁ గలసి 3,000 చోట్ల ఉచిత వైఫై తెఱచితి మనియు, ప్రతివారికిని దినమునకు 45 నిమిషములు, ఒక జీబీ వఱకు వాడుకొన వచ్చు ననియు చెప్పిరి. చదువుకొను పిల్లకు ముప్పావుగంట తక్కువ యేమియుఁ గాదు.

ఇది క్రొత్త తలంపు కాదు సుమండీ! మన చలనచిత్ర పరిశ్రమ హైదరాబాదునకు రాకమునుపు మదరాసున నుండెను గదా. ఆ మదరాసులోనే పురపాలకసంఘమువారు 1930లో సొంత రేడియో నడపిరి. అంతకుముందు 1924లో కొందఱు పెద్దలు ఒక రేడియో క్లబ్బు పెట్టి, సొమ్ము చాలక 1927లో మూసివేసిరి. ఆ యంత్రమును నగరపాలకులు తీసికొని, సంగీతమును, కథలును, పిల్లలకు పాఠములును ప్రసారము చేసిరి. రేడియోపెట్టె కొనలేనివారికై మెరీనా తీరమునను ఉద్యానములలోను ధ్వనివర్ధకములు కట్టిరి. కార్పొరేషను పాఠశాలలకు పెట్టె లిచ్చిరి. 1938లో ఆకాశవాణి వచ్చువఱకును అది నడచినది. వినుటకు సంఖ్య యక్కఱలేదు, సంతక మక్కఱలేదు. సముద్రపుటొడ్డున కూర్చున్న ముసలమ్మకును వినఁబడెడిది. పాఠశాలకు పెట్టె యిచ్చుటయే అందులో నాకు మిక్కిలి నచ్చిన పని. పిల్ల యెచ్చట నున్నదో అచ్చటికే పాఠము వచ్చినది.

నేఁటి నిస్తంత్రి యట్లు కాదు. నేను మాయూరు చేరిన పిమ్మట మా చెల్లెలు ఇంటికి తాళము వేసి, వైఫై పెట్టె యాపి, వారము దినములు తిరుపతికి పోయినది. ఆ పిల్ల పరీక్షలు దగ్గఱపడినవి. మఱఁదిగారి సలహాయే గతియని, అన్నను తోడు తీసికొని ఒక కూడలికి పోయినదట. ఫోనులో వైఫై పేరు కనఁబడినది. పేరు తాఁకఁగనే మొబైలు సంఖ్య నడిగినది. సంఖ్య యిచ్చినచో దానికి ఓటీపీ వచ్చును, ఆ యంకెలు కొట్టిన గాని తలుపు తెఱవదు. పిల్లకు సిమ్ము లేదు, అన్నకును ఫోను లేదు. తండ్రి సంఖ్య యిచ్చినది. ఓటీపీ తండ్రి జేబులోనికి పోయినది. షాటు జరుగుచుండఁగా ఫోనులు మ్రోగరాదు గదా. ఆయన చూచునప్పటికి గంట గడచెను. అన్నాచెల్లెండ్రు అంతసేపు టీకొట్టు ప్రక్క నిలువఁబడి యింటికి మఱలిరి. ఆ నిలువఁబడిన గంటలో దారినపోవు మగవారు చూచిన చూపులను గుఱించి ఆ పిల్ల చెప్పలేదు, తల్లి చెప్పినది.

ఈ ఓటీపీ యేల యని మీ రడుగవచ్చును. 2008లో బాంబులు పెట్టిన దుర్మార్గులు ఎవరివో తాళము లేని వైఫైలలోఁ దూఱి పత్రికలవారికి ఉత్తరములు పంపిరి. ఆ వైఫైల యజమానులు పోలీసులచుట్టుఁ దిరుగవలసివచ్చినది. అందుచే 2009లో, బహిరంగ వైఫై వాడువా రెవరో తెలియవలె నని కేంద్రప్రభుత్వము నియమము చేసినది. నియమము న్యాయమైనదే. కాని ఇంటికొక ఫోనును, అది మగవానిదియు నైనచోట, ఆ నియమము ఆఁడుపిల్లకు అడ్డుగడియ యగుచున్నది. దీనిని వ్రాసినవారు ఇంట నొక్క ఫోనుండు కుటుంబమును తలఁచుకొనినట్లు తోఁచదు.

నేను ఒక్కయింటి ముచ్చట పట్టుకొని యతిశయముగా వ్రాయుచుంటి ననుకొనకుఁడు. 2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఎప్పుడైనను ఇంటర్నెట్టు వాడితిరా యని యడిగిరి. తెలంగాణములో ఔననిన స్త్రీలు నూటికి 26.5, పురుషులు 57.4. ఆంధ్రప్రదేశములో స్త్రీలు 21, పురుషులు 48.8. ఆ తరువాత లెక్క కొంత పెరిగియుండును. అయినను మొదట ఉన్న యెడము సామాన్యమైనది కాదు.

“2016లో జియో వచ్చి డేటా చౌక యయ్యెను, ఇఁక వీధివైఫై యెందుకు?” అనువారును గలరు. రైల్వేస్టేషనులలో ఉచిత వైఫై పెట్టిన గూగులువారే 2020లో ఇంచుమించు ఇదే కారణము చెప్పి తప్పుకొనిరి. రైల్‌టెల్‌వారు మాత్రము ఆ పని కొనసాగించిరి. చౌక యనునది ఎవరికి? నలుగురికి నాలుగు సిమ్ములు వేయవలసిన తల్లి నెలజీతము ముడివిప్పునప్పుడు అడుగుఁడు.

వీధికొళాయిని చూడుఁడు. ఇంటింటికి కుళాయి లేని దినములలో పురపాలకులు కొళాయిని పెద్దబజారులో పెట్టలేదు. పేట నడుమ, బిందె చంకనుంచి నడువఁగల దూరములో పెట్టిరి. నీరు మోయునది స్త్రీ యని వారికిఁ దెలియును. అచ్చట కలహములును ఉండెను, కబుర్లును ఉండెను, కాని పదునైదేండ్ల పిల్ల ఒంటరిగా బిందె తీసికొని పోయినచో తల్లి భయపడెడిది కాదు. వైఫైనో, జనసమ్మర్దముగల కూడళ్ళను వెదకి పెట్టిరి. సంచరించువారికి అది మేలే. కూర్చుండి చదువువారికి కూడలి యేమి పనికివచ్చును? అంగన్‌వాడీ గోడకు, బస్తీ దవాఖానా వసారాకు, గ్రంథాలయమునకు, మహిళాసంఘపు గదికి ఒక్కొక్క పెట్టె కట్టినచో చాలును. ఓటీపీకి బదులు అచ్చటి కార్యకర్త పేరు వ్రాసికొని ఒక చీటీ యీయవచ్చును. ఎవరు వాడిరో తెలియును, నియమపు ఉద్దేశమును నెఱవేఱును.

త్రోవ కొంత తెఱచియే యున్నది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రిమండలి ‘పీఎం-వాణి’ యను పథకము నంగీకరించినది. దీని ప్రకారము కిరాణాకొట్టు, టీకొట్టు, ఎవరైనను లైసెన్సు లేకయే వైఫై పంచవచ్చును, చిల్లరగా అమ్మవచ్చును. కంపెనీలు ఈ చిన్నకొట్లయొద్ద పెద్ద వ్యాపారుల ధర లడుగుచుండఁగా, ఇంటివారి ధరకు రెండింతలకు మించరాదని ట్రాయి 2025లో కట్టడి చేసినది. పప్పు, చింతపండు అమ్ము సంఘపు సోదరీమణులు దీనిని గూడ అమ్మరాదా?

ఇఁక బహిరంగ వైఫై వాడు మీకు నాలుగు మాటలు. అచ్చట బ్యాంకుపని, డబ్బు పంపుపని పెట్టుకొనకుఁడు. ఆ పని యింటికి వచ్చి చేసికొనుఁడు. ప్రసిద్ధమైన పేరు పెట్టి దొంగ వైఫై వదలువారు కలరు; అచ్చటి ఉద్యోగి నడిగి పేరు సరిచూచుకొనుఁడు. వైఫై తెఱచుటకు వచ్చు ఓటీపీ వేఱు, బ్యాంకు ఓటీపీ వేఱు. సందేశము పూర్తిగా చదువక అంకెలు చెప్పకుఁడు. ఏదైన యాప్ దింపుకొమ్మనినచో వెంటనే వదలివేయుఁడు. పొరపాటున సొమ్ము పోయినచో సిగ్గుపడి దాఁచక తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయుఁడు. ఆలస్యమైనకొలఁది సొమ్ము చేతులు మాఱును.

మా చెల్లెలు తిరుపతినుండి వచ్చినది, వరండా మరల తెఱవఁబడినది. ఇప్పు డచ్చటికి ముగ్గురు పిల్లలు వచ్చుచున్నారట. ఆ సందులోని స్త్రీలు పదునెనమండుగురు చేరి, తమ అంగన్‌వాడీకి వైఫై పెట్టింపవలె నని వార్డు కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనిరి. అర్జీ వ్రాసినది ఆ పిల్లయే. పదకొండుగురు సంతకములు చేసిరి, తక్కినవారు వ్రేలిముద్ర వేసిరి. ప్రత్యుత్తర మింకను రాలేదు.