పరుగు నేర్పిన ఊళ్ళకు పరీక్షలు చేసేదెవరు?

జూన్ 10, జూన్ 11. క్యాలెండరులో పక్కపక్కనే ఉన్న ఈ రెండు తేదీల్లో ఇద్దరు వీరులను క్యాన్సర్ తీసుకుపోయింది. ఒకరు మన హైదరాబాదు వారు, మరొకరు ఎక్కడో మణిపూర్ కుర్రాడు. ఇద్దరి మధ్యా 58 ఏళ్ళ దూరం. అయినా ఆ ఇద్దరి కథా మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కుర్రాళ్ళ కథే అని మేము అంటున్నాం. ఎందుకో చెబుతాం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన ఖాకీ తొడిగినవాడు కాదు, బడిపంతులు. ఉస్మానియాలో ఆడిన ఆటగాడు. కానీ 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకొని, బందోబస్తు డ్యూటీలు చేసే జవాన్లను దేశంలోనే మొదటి వరుస ఫుట్‌బాల్ ఆటగాళ్ళుగా తీర్చిదిద్దారు. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు ఎత్తింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ బంగారం తెచ్చింది. అప్పటికే క్యాన్సర్ ఆయన లోపల కూర్చుంది. జబ్బు పట్టిన శరీరంతోనే జట్టును గెలిపించి వచ్చారు. ఏడాది తిరక్కుండానే పోయారు. 53 ఏళ్ళ వయసు. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా ఆయన పేరు తెలియని తెలుగు పిల్లలే ఎక్కువ.

డింకో సింగ్ 2021 జూన్ 10న పోయాడు. 42 ఏళ్ళు. 1998 బ్యాంకాక్ ఏషియాడ్‌లో బాక్సింగ్ బంగారం కొట్టినవాడు, నౌకాదళంలో పనిచేసినవాడు. కాలేయానికి క్యాన్సర్ వచ్చింది. వైద్యం కోసం ఇల్లు అమ్ముకున్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఇంఫాల్ నుంచి ఢిల్లీకి విమానంలో తరలించాల్సి వచ్చింది. పద్మశ్రీ ఇచ్చిన దేశం, ఆ పద్మశ్రీకి తన ఊరికి దగ్గరలో వైద్యం ఇవ్వలేకపోయింది. బంగారు పతకం ఉన్నవాడికే ఆ గతి అయితే, ఏ పతకమూ లేని కానిస్టేబులు సంగతేమిటి?

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం.

కడప జిల్లా అంటే సినిమావాళ్ళకు బాంబులు, సుమోలు. తెల్లవారుజామున అయిదింటికి వచ్చి మా మైదానాలు చూడమనండి. కోచ్ లేడు, సింథటిక్ ట్రాక్ లేదు, కొందరికి బూట్లూ లేవు. చీకట్లో దుమ్ము రేపుతూ పరుగెత్తే కుర్రాళ్ళు మాత్రం ఉన్నారు. ఎందుకు పరుగెత్తుతున్నారు? 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లోపు ముగిస్తే కానిస్టేబులు ఉద్యోగానికి ఒక మెట్టు ఎక్కినట్టు. నీళ్ళు లేని సేద్యం, ఫ్యాక్టరీ లేని పట్టణం, కువైట్ వీసా తప్ప దిక్కులేని ఇల్లు - ఈ మూడింటి నుంచి బయటపడే దారి ఆ పరుగులో కనపడుతుంది. కబడ్డీ ఆడినవాడు, వాలీబాల్ ఆడినవాడు, జిల్లా మీట్‌లో లాంగ్‌జంప్ దూకినవాడు చివరికి చేరాలనుకునేది ఖాకీ దగ్గరికే. మా దగ్గర ఆట అంటే వినోదం కాదు, బతుకుతెరువు.

అదే నేల నుంచి వీరపునాయునిపల్లె మండలం బిడ్డ శ్రీచరణి 2025 నవంబరు 2న మహిళల ప్రపంచకప్పు గెలిచిన జట్టులో నిలబడింది. ప్రభుత్వం నజరానా ప్రకటించింది. మంచిదే, మేమూ చప్పట్లు కొట్టాం. గెలిచినవాళ్ళ మెడలో దండ వేయడానికి అందరూ వస్తారు. గెలవకుండా ఉద్యోగంలో చేరి, పదేళ్ళు నైట్ డ్యూటీలు చేసి, ఒకరోజు ఆసుపత్రి వరండాలో రిపోర్టు పట్టుకొని కూర్చున్నవాడి దగ్గరికి ఎవరు వస్తారు?

ఆటగాడి శరీరమే ఆటగాణ్ణి మోసం చేస్తుంది. నాకేమవుతుందిలే అనుకుంటాడు. నొప్పి వస్తే పాత దెబ్బ అనుకుంటాడు. బరువు తగ్గితే డ్యూటీ ఒత్తిడి అనుకుంటాడు. దగ్గు వస్తే దుమ్ము అనుకుంటాడు. పైన పోలీసు ఉద్యోగం - ఎన్నికలు, జాతర, మంత్రిగారి పర్యటన, బందోబస్తు. సెలవు అడిగితే అధికారి ముఖం చిట్లిస్తాడు. పరీక్ష వాయిదా పడుతుంది. మూడు నెలలు ఆరు నెలలవుతాయి. క్యాన్సర్‌కు కావలసింది కూడా ఆ ఆలస్యమే.

ఇది తప్పించుకోలేని రాతేమీ కాదు. యువరాజ్ సింగ్ 2011లో ప్రపంచకప్పు ఆడిన ఛాతీలోనే కణితి ఉంది. 2012లో అమెరికాలో వైద్యం చేయించుకొని, అదే ఏడాది సెప్టెంబరులో మళ్ళీ భారత జట్టు చొక్కా తొడిగాడు. క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతం దాకా నివారించగలిగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలినవాటిలోనూ చాలావాటిని తొలిదశలో పట్టుకుంటే మనిషి నిలబడతాడు. తేడా అంతా ఎప్పుడు తెలిసింది, ఎంత దూరంలో వైద్యం ఉంది అన్న రెండు ప్రశ్నల్లోనే ఉంది.

ఎంత దూరం? వేలూరు బస్సు ఎక్కి చూడండి. రెండువందల కిలోమీటర్లకు పైగా. సంచీలో ఫైలు, చద్దిమూట, పక్కన తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి. మా జిల్లా మనుషులు తమిళనాడు ఆసుపత్రుల్లో తెలుగు తెలిసిన నర్సు కోసం వెతుక్కుంటారు. ఇంకొందరు అడయారు పోతారు, ఇంకొందరు హైదరాబాదు పోతారు. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్ళకే పోయింది. 2014లో హైదరాబాదూ వేరే రాష్ట్రమయింది. రెండుసార్లూ పెద్దాసుపత్రి మాకు దూరంగానే మిగిలింది. 2022లో తిరుపతిలో టాటా ట్రస్టుల తోడ్పాటుతో క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు, కొంత ఊరట. కానీ రేడియేషన్ అంటే వారాల తరబడి రోజూ వెళ్ళాల్సిన వైద్యం. గది అద్దె, తిండి, తోడు వచ్చినవాడి కూలి - ఇవి ఏ కార్డు మీదా రావు.

జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. దొరల కాలంలో, వందేళ్ళకు ముందే, రైలు కూడా లేని ఊళ్ళో మిషన్ డాక్టర్లు ఆసుపత్రి పెట్టగలిగారు. ప్రజల ఓట్లతో గెలిచిన ప్రభుత్వాలు ఏం చేశాయి? పులివెందుల వైద్య కళాశాలకు 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లు ఇస్తే, మాకొద్దని రాష్ట్ర ప్రభుత్వమే లేఖ రాసింది. పార్టీల గొడవ పార్టీలు చూసుకోనీ. పోయిన సీట్లు మాత్రం సీమ రోగులవి.

అదే పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల పల్లెలు నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు పోయాయని ఏళ్ళుగా మొత్తుకుంటున్నాయి. అక్కడి జబ్బులకు గనే కారణమని మేము తీర్పు చెప్పడం లేదు. తీర్పు చెప్పాల్సింది లెక్కలు. ఏ పల్లెలో ఎంతమందికి ఏ క్యాన్సర్ వచ్చిందో మండలాలవారీగా నమోదు చేసి ప్రజల ముందు పెట్టండి. భయపడాల్సింది లేకపోతే దాచాల్సిందీ ఉండదు కదా!

మేము అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో బయాప్సీ, స్కానింగు ఆలస్యం లేకుండా జరగాలి. కడప రిమ్స్‌లో క్యాన్సర్ వైద్యం నిపుణులతో, యంత్రాలతో పూర్తిస్థాయిలో నడవాలి. ప్రతి పోలీసుకు ఏటా ఆరోగ్య పరీక్ష జరగాలి, ఆ రోజు డ్యూటీ కిందే లెక్కకట్టాలి. ఆరోగ్య భద్రత పథకం ఉంది కదా అంటారేమో. అది జబ్బు బయటపడ్డాక అక్కరకొచ్చేది, మేమడిగేది బయటపెట్టే ఏర్పాటు. హోంగార్డులను, కాంట్రాక్టు ఉద్యోగులను ఇందులోంచి తీసేయకూడదు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. పొద్దున పరుగెత్తి సాయంత్రం గుట్కా పొట్లం చింపితే ఆ పరుగు ఎవరి కోసం? ఉద్యోగ సోదరులకు ఒక మాట. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, గడ్డ చేతికి తగిలినా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టరుకు చూపించుకోవడం పిరికితనం కాదు. మీ సంఘాలు డీఏ కోసం ఎలా అడుగుతాయో, పరీక్షల కోసం కూడా అలాగే అడగాలి.

రహీం మాస్టారు పోలీసుల చేత గోల్ కొట్టించారు. డింకో పిడికిలితో జెండా ఎగరేశాడు. వారికి దండ వేసి చేతులు దులుపుకుంటే అది నివాళి కాదు. రేపు తెల్లవారుజామున ప్రొద్దుటూరు మైదానంలో పరుగెత్తే కుర్రాడు, ఇరవై ఏళ్ళ తరువాత వేలూరు బస్సు ఎక్కే అవసరం లేకుండా చూసుకోవడమే నివాళి.