ఆ హోటల్లో సైతాను లేడు

ఈగల్స్ బృందం పాడిన ‘హోటల్ కాలిఫోర్నియా’లో సైతాను పూజ దాగి ఉందనే మాట నలభై ఏళ్లకు పైగా తిరుగుతూనే ఉంది. అమెరికాలో పుట్టిన ఈ పుకారు మన హాస్టల్ గదుల్లోకీ చేరింది. ఇప్పుడు ‘అసలు రహస్యం ఇదే’ అంటూ ఫోన్లలో వీడియోలుగా వస్తోంది. కుర్రాడెవడైనా గిటారు మీద ఆ పాట మొదలుపెట్టాడో లేదో, పక్కనున్నవాడు ‘ఒరేయ్, దీని అసలు కథ తెలుసా?’ అని అందుకుంటాడు. సైతాను చర్చి గురించి అని ఒకరు, పిచ్చాసుపత్రి గురించి అని ఒకరు, హెరాయిన్ గురించి అని ఇంకొకరు, మెక్సికోలో నిజంగానే ఉన్న హోటల్ గురించి అని వేరొకరు. ఈ నాలుగూ ఒకేసారి నిజం కావడం కుదరదు. నిజానికి నాలుగూ తప్పే. తప్పులైతే అవనీ అని వదిలేద్దును, కానీ ఇవి పాట చెబుతున్న మాటను మన చెవిన పడనీయకుండా చేస్తున్నాయి. వదలకూడని విషయం అదే.

‘పాటకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు, దానికి ఖండన ఎందుకు?’ అని ఎవరైనా అడగొచ్చు. పాట విని తనకు సొంత ఊరు గుర్తొచ్చిందని ఎవరైనా అంటే కాదనడానికి నేనెవర్ని? కానీ ‘ఈ పాట ఫలానా వీధిలోని ఫలానా భవనం గురించి రాశారు, అట్ట మీది ఫోటోలో ఉన్నది ఫలానా మనిషి’ అన్నాక అది వాస్తవం గురించి చేసిన ఆరోపణ అయిపోతుంది. ఆరోపణకు రుజువు చూపాలి. అడగనంతసేపూ నిజమని చాటి, అడిగేసరికి ‘అది నా భావన’ అని తప్పుకోవడం చెల్లదు.

ముందు సైతాను సంగతి చూద్దాం. ఆంటన్ లావే అనే ఆయన 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలో ‘చర్చ్ ఆఫ్ సేటన్’ స్థాపించాడు. నల్లరంగు వేయించుకున్న ఆయన ఇల్లు కాలిఫోర్నియా స్ట్రీట్‌లో ఉండేది. ‘సటానిక్ బైబిల్’ అనే ఆయన పుస్తకం 1969లో వచ్చింది. పాటలోనూ 1969 ప్రస్తావన ఉంది. పుకారు మొత్తం ఈ రెండు పోలికల మీదే నిలబడింది: ఒక వీధి పేరు, ఒక సంవత్సరం. రాష్ట్రం పేరే కాలిఫోర్నియా అయినప్పుడు ఆ పేరుతో వీధి ఉండటంలో వింతేముంది? ఈగల్స్ వాళ్లు కాపురం పెట్టింది, పాటలు కట్టుకుంది లాస్ ఏంజెలెస్‌లో. శాన్ ఫ్రాన్సిస్కో అక్కడికి ఆరువందల కిలోమీటర్ల దూరం.

ఇక ఫోటో. ఆల్బమ్ అట్ట విప్పితే లోపల ఒక హోటల్ లాబీ, నిండా జనం, పైన బాల్కనీలో మసగ్గా ఒక ఆకారం. ఆ ఆకారమే లావే అంటారు. ఆ లాబీ హాలీవుడ్‌లోని లిడో అనే భవనానిది. అట్ట ముందువైపు సంధ్య వెలుగులో పామ్ చెట్ల వెనక కనిపించేది సన్‌సెట్ బులెవార్డ్ మీదున్న బెవర్లీ హిల్స్ హోటల్. ఫోటోలు తీసింది డేవిడ్ అలెగ్జాండర్, అట్ట రూపకల్పన చేసింది బీటిల్స్ ‘అబీ రోడ్’ అట్టకు పనిచేసిన కాష్. ఇందులో గుట్టేమీ లేదు, అందరికీ తెలిసిన వివరాలే. ఆ ఫోటోను ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూడండి. బాల్కనీలో ఉన్న ఆకారానికి కళ్లూ ముక్కూ పోల్చుకునేంత వెలుతురు లేదు. కనపడని ముఖానికి ఏ పేరైనా తగిలించొచ్చు, తగిలించారు.

రికార్డును వెనక్కి తిప్పితే సైతాను స్తుతి వినిపిస్తుందనేది దీనికి కొసరు. 1980ల మొదట్లో అమెరికాలో చాలా రాక్ పాటల మీద ఈ గోల నడిచింది. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వోకీ, డాన్ రీడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 1985లో ఫలితాలు ప్రచురించారు. రకరకాల మాటల్ని రికార్డు చేసి, వెనక్కి తిప్పి వినిపించారు. మాట్లాడింది ఆడమనిషో మగమనిషో వినేవాళ్లు పట్టేశారు. మాట్లాడింది దేవుడి గురించా, సైతాను గురించా, లేక అది పిల్లల పాటా, వ్యాపార ప్రకటనా అంటే మాత్రం గుడ్డిగా ఊహిస్తే ఎన్ని కలుస్తాయో అన్నే కలిశాయి. అదే ‘ఇక్కడ ఫలానా మాట ఉంది, వినండి’ అని ముందే చెబితే చాలామందికి ఆ మాట వినిపించింది. వీడియోల్లో జరుగుతున్నదీ ఇదే. ముందు తెర మీద అక్షరాలు వేస్తారు, ఆ వెంటనే శబ్దం వినిపిస్తారు. అక్షరాలు చూపకుండా వినిపించి, ‘మీకేం వినపడింది?’ అని అడిగిన వీడియో ఇంతవరకూ నా కంటపడలేదు.

పిచ్చాసుపత్రి కథలో చెప్పేది కమరిల్లో రాష్ట్ర మానసిక వైద్యశాల గురించి. లాస్ ఏంజెలెస్‌కు పడమరగా వెంచురా కౌంటీలో ఉండేది, 1997లో మూతపడింది, ఆ భవనాల్లో ఇప్పుడు విశ్వవిద్యాలయం నడుస్తోంది. అక్కడ గంట గోపురం ఉంది, పాటలో గంట మోగుతుంది, కాబట్టి పాట ఆ ఆసుపత్రి గురించే అట! చార్లీ పార్కర్ అనే మహా శాక్సఫోన్ విద్వాంసుడు 1946లో ఆ ఆసుపత్రిలోనే చేరాడు. నెలల తరబడి ఉండి బయటికొచ్చి, 1947లో ‘రిలాక్సిన్ ఎట్ కమరిల్లో’ అని ఆసుపత్రి పేరే పెట్టి ఒక రచన రికార్డు చేశాడు. నల్లజాతి కళాకారుడు 1947లోనే దాచకుండా పెట్టిన పేరును, ముప్పై ఏళ్ల తర్వాత అమెరికాలోనే పెద్ద బ్యాండ్ భయపడి ఎందుకు దాస్తుంది?

మెక్సికో కథకు ఎక్కువ మాటలక్కర్లేదు. బాజా కాలిఫోర్నియా సుర్ రాష్ట్రంలో తోదోస్ సాంతోస్ అనే ఊళ్లో ఆ పేరుతో హోటల్ ఉన్న మాట నిజమే. తమ పాటతో లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపుతున్నారని ఈగల్స్ 2017లో ఆ హోటల్ మీద దావా వేశారు. 2018 జనవరిలో రాజీ కుదిరింది, అమెరికాలో ట్రేడ్‌మార్క్ కోసం పెట్టుకున్న దరఖాస్తును హోటల్ వెనక్కి తీసుకుంది.

మత్తుమందుల వాదంలో సగం నిజముంది, అందుకే అది మిగతా వాటికన్నా గట్టిగా అతుక్కుంది. ఆ రోజుల్లో తాము కొకైన్ వాడామని ఈగల్స్ వాళ్లు స్వయంగా చెప్పుకున్నారు. అదే ఆల్బమ్‌లో ‘లైఫ్ ఇన్ ది ఫాస్ట్ లేన్’ అనే పాట ఉంది. అందులో ఒక జంట మత్తులో పడి ఎలా నాశనమయిందో డొంకతిరుగుడు లేకుండా చెప్పారు. ఒక పాటలో బాహాటంగా చెప్పినదాన్నే పక్క పాటలో సంకేతాల్లో దాచారంటే అర్థముందా? ‘హోటల్ కాలిఫోర్నియా’లో మత్తు ఉంది. అక్కడి విందులో అదొక వంటకం. దాన్నే మొత్తం విందు అనుకోవడం పొరపాటు.

ఇంతకీ పాట ఎలా పుట్టింది? మాలిబూ సముద్రపుటొడ్డున ఒక అద్దె ఇంట్లో బ్యాండ్ గిటారిస్టు డాన్ ఫెల్డర్ పన్నెండు తీగల గిటారు మీద బాణీ కట్టి టేపు మీదికెక్కించాడు. అప్పటికి మాటల్లేవు. మిగతావాళ్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు ‘మెక్సికన్ రెగ్గే’. డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రే ఆ బాణీకి మాటలు కూర్చారు. హెన్లీ గొంతుకు అందడం కోసం శ్రుతి మార్చుకున్నారు. రాత్రిపూట ఎడారి రోడ్డు మీద కారులో వస్తున్న ఒక మనిషి దూరంగా దీపం చూసి ఆగుతాడు. లోపలికి అడుగుపెట్టాక ఒక్కొక్కటే వింతగా మారుతూ పోతుంది. సినిమాలో షాట్ వెంట షాట్ పడ్డట్టు రాద్దామనుకున్నామని ఫ్రే చెప్పాడు. పాటలో దాచిన చమత్కారం ఒకటుంది కూడా. స్టీలీ డాన్ అనే బ్యాండ్ 1976లో తమ పాటలో ఈగల్స్ పేరు తెచ్చింది. దానికి బదులుగా వీళ్లు కత్తుల ప్రస్తావనలో వాళ్ల పేరును తలపించే మాట వేశారు. ఆ సంగతి కూడా ఫ్రేనే బయటపెట్టాడు.

నా దృష్టిలో పాటకు అసలు దారి చూపేది వేరే విషయం. అప్పటికి బ్యాండ్‌లో ఉన్న ఐదుగురిలో ఒక్కరూ కాలిఫోర్నియాలో పుట్టలేదు. హెన్లీది టెక్సస్, ఫ్రేది మిషిగన్, ఫెల్డర్‌ది ఫ్లోరిడా, జో వాల్ష్ కాన్సస్‌లో పుట్టాడు, రాండీ మైస్నర్ నెబ్రాస్కా రైతుబిడ్డ. అందరూ ఎక్కడెక్కడి నుంచో ఆ దీపాల వెలుగు చూసుకుంటూ వచ్చినవాళ్లే. రాత్రివేళ ఎడారి దాటి వస్తుంటే దూరంగా లాస్ ఏంజెలెస్ కాంతి ఆకాశాన కనపడుతుందని, ఆ అనుభవం తమ అందరిదీ అని ఫెల్డర్ చాలాసార్లు చెప్పాడు. అందుకే ఆ పాటలో మాట్లాడేది కొత్తగా వచ్చిన ఒక మనిషి.

మరి 1969 ఎందుకు? ఆ ఏడాది అమెరికన్ యువతకు ఏమిటో తెలిస్తే సైతాను పుస్తకం దాకా పోనక్కర్లేదు. ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్: లక్షల మంది, మూడు రోజుల సంగీతం, లోకం మారిపోతుందన్న నమ్మకం. అదే ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో మాన్సన్ అనేవాడి ముఠా చేసిన హత్యలు. డిసెంబరు 6న కాలిఫోర్నియాలోనే ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీ. కాపలాకు పెట్టిన మోటార్‌సైకిల్ ముఠావాడు మెరెడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి కుర్రాణ్ని వేదిక ముందే కత్తితో పొడిచి చంపాడు. ఆ తరం పెట్టుకున్న ఆశ ఏ ఏడాది శిఖరమెక్కిందో ఆ ఏడాదే విరిగిపడింది. ఏడేళ్ల తర్వాత, అమెరికాకు 200 ఏళ్లు నిండిన 1976 డిసెంబరులో ఈ ఆల్బమ్ వచ్చింది. మద్యం అడిగిన బాటసారితో, ఆ సరుకు 1969 తర్వాత తమ దగ్గర లేదని పాటలో హోటల్ మనిషి అంటాడు. అతను చెబుతున్నది ఒక ఆదర్శం అయిపోయిందని. 2009లో ఒక పత్రికా విమర్శకుడు ఆ మాటను మద్యం రకాల లెక్కలో పెట్టి తప్పు పట్టినప్పుడు, అది మద్యం గురించి కాదు, సమాజం గురించి అని హెన్లీ గట్టిగానే జవాబిచ్చాడు.

గూఢార్థం మనకు కొత్త కాదు. తత్వాలు పాడేవాళ్లకు తొమ్మిది వాకిళ్ల ఇల్లంటే దేహమని తెలుసు. ఆ గుట్టు గురువు నుంచి శిష్యుడికి అందుతుంది, పాడేవాడూ వినేవాడూ దాన్ని కలిసి మోస్తారు. క్షేత్రయ్య పదాల్లో నాయిక విరహాన్ని జీవాత్మ వేదనగా చెప్పేవాళ్లున్నారు. అలా చెప్పినా ముందు ఆ విరహం నిజమైన విరహంగా మనల్ని తాకాలి. వెలుగు కావాలనుకున్నవాడు దీపాన్ని జాగ్రత్తగా చూసుకుంటాడని, ధ్వనిని, అంటే మాటల వెనక స్ఫురించే అర్థాన్ని, కోరేవాడు వాచ్యార్థాన్ని అలాగే చూసుకోవాలని తొమ్మిదో శతాబ్దంలోనే ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పాడు. ఈ రహస్యవాదులు చేసేది అందుకు నేరుగా విరుద్ధం. బాటసారి, వింత ఆతిథ్యం, చంపబోయినా చావని మృగం, తలుపు దాకా పరుగు, ఇవేవీ వాళ్లకు అక్కర్లేదు. ఒక సంవత్సరం, ఒక గంట, ఒక మసక ఆకారం ఏరుకుని మిగిలినదంతా అవతల పారేస్తారు.

‘రచయితలు నిజం ఒప్పుకుంటారా?’ అనేది వాళ్ల చివరి ఆయుధం. ఒప్పుకుంటే రుజువు, ఒప్పుకోకపోతే ఇంకా పెద్ద రుజువు అయ్యే వాదనకు ఓటమే ఉండదు, అందుకే దానికి విలువ లేదు. ‘పఫ్ ది మ్యాజిక్ డ్రాగన్’ అనే పిల్లల పాటకు ఇదే గతి పట్టింది. 1959లో కార్నెల్‌లో చదువుకుంటున్న లెనర్డ్ లిప్టన్ బాల్యం చేజారిపోవడం గురించి రాసిన పద్యం అది. పీటర్ యారో దాన్ని పాటగా మలిచాడు. 1964లో ‘న్యూస్‌వీక్’ అందులో గంజాయి సంకేతాలున్నాయని రాసింది. ఆ ఇద్దరూ జీవితాంతం కాదని చెబుతూనే పోయారు. ఇప్పటికీ ఆ పాట పేరెత్తితే గంజాయి మాటే ముందొస్తుంది.

‘హోటల్ కాలిఫోర్నియా’ విషయంలో జరిగిన నష్టం ఇంకా పెద్దది. ఆ పాటలో నిందితుడు విలాసం. అక్కడున్న వాళ్లంతా తమంతట తాము బందీలయినవాళ్లే. పాడుతున్నవాళ్లు తమనీ అందులో కలుపుకున్నారు. పాట విజయమే ఆ మాటను నిజం చేసింది. ఆల్బమ్ 2018 నాటికి అమెరికాలోనే 26 సార్లు ప్లాటినమ్ అయింది, అంటే రెండు కోట్ల అరవై లక్షల ప్రతుల లెక్క. 1980 జులైలో లాంగ్ బీచ్ కచేరీలో ఫ్రే, ఫెల్డర్ పాటల మధ్యలో ‘అయిపోనీ, నీ పని చెబుతా’ అన్నట్టు ఒకర్నొకరు బెదిరించుకున్నారు, బ్యాండ్ విడిపోయింది. 1994లో మళ్లీ కలిశారు. 2001లో ఫెల్డర్‌ను తీసేశారు, ఆయన కోర్టుకెక్కాడు. 2016లో ఫ్రే పోయాడు. 2024లో డెబ్బై ఏడేళ్ల హెన్లీ లాస్ వేగస్‌లో, విలాసానికి రాజధాని లాంటి ఊళ్లో, అదే పాట పాడాడు.

సైతాను కథ నమ్మినవాడికి ఇదేమీ తగలదు. ఎక్కడో నల్ల ఇంట్లో ఎవరో చేసిన పాపమది, తనకేం సంబంధం? కాలిఫోర్నియాలో ఏ ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో రెండేళ్లు ఉద్యోగం చేసి వెనక్కి వచ్చేద్దామని వెళ్లి, పెద్ద జీతం, పెద్ద ఇల్లు, దానికి ముప్పై ఏళ్ల అప్పు మధ్య ఇరవై ఏళ్లుగా ఉండిపోయిన మన తెలుగువాళ్లకు ఆ పాట సూటిగా అర్థం కావాలి. హైదరాబాద్‌లో ఉండి అదే బతుకు బతుకుతున్నవాళ్లకూ అర్థం కావాలి. వాళ్ల చేతికి అందాల్సిన పాటను లాక్కుని, వాళ్లకు దెయ్యం కథ ఇచ్చి పంపుతున్నారు ఈ రహస్యవాదులు.